గురువుగారి పొట్ట

గడియారం ముల్లు తిరిగే వైపే చెయ్యి తిప్పాలి, తొందర పనికిరాదు, ఈ మాట నాకు నేర్పిన మనిషి పొట్టే ఇప్పుడు నా అరచేతి కింద ఉంది, ఔయాంగ్ గురువుగారు, డెబ్బయ్యారేళ్లు, విరేచనమై పదకొండు రోజులు, ఎంత చిక్కిపోయారు, తెర అవతల కూర్చున్న ఆయన భార్య అంటోంది, బేరిపండు ఉడికించి పెట్టాను, నువ్వులు నూరి తేనెలో కలిపిచ్చాను, ఏదీ పనిచెయ్యలేదమ్మా శ్వెచిన్, ఈయన మొండితనమే లోపల గడ్డకట్టుకుపోయింది అని, నేను నవ్వాను, ఆయన నవ్వలేదు, బొడ్డుకి రెండు పక్కలా మూడు వేళ్ల ఎడంగా నొక్కాను, పొట్ట గుడగుడమంది, హమ్మయ్య, కదులుతోంది అనుకుంటూ ఎడమ పక్కన కిందికి జారాను, అక్కడ ఆగిపోయింది చెయ్యి.

గట్టిగా ఉంది, మలమైతే నొక్కినచోట సొట్ట పడాలి, తోస్తే కాస్త జరగాలి, ఇది జరగదు, నా వేళ్లదే తప్పేమో, పొద్దుట్నుంచి ఏడుగురికి మర్దన చేశాను, అలసిపోయి ఉంటాయి, మళ్లీ తడిమాను, అదే, పాతుకుపోయి ఉంది, నొప్పిగా ఉందా అన్నాను, నన్నడుగుతావేంటే, నీ చెయ్యేమంటోంది అన్నారు, గాలి చేరింది గురువుగారూ అనేశాను, అంటూనే పాత మాట గుర్తొచ్చింది, నేర్చుకునే రోజుల్లో ఒకావిడకి ఇలాగే గాలేనని సర్దిచెప్పి పంపేస్తే ఆయన నా మణికట్టు పట్టుకుని, తెలీకపోతే తెలీదని చెప్పు, తెలిసి దాచావంటే మళ్లీ ఈ బల్ల దగ్గరికి రాకు అన్నారు, ఇప్పుడేమో ఇంకా గట్టిగా తొయ్యి, పిండి పిసికినట్టు పిసుకు, ఇవాళ కదలాల్సిందే అంటున్నారు, ఇలాంటిచోట బలం చూపిస్తే లోపల ఏమవుతుందో ఆయనకి తెలియదా, తెర అవతల ఫ్లాస్కు మూత తిప్పుతున్న చప్పుడు, వేడినీళ్లు తాగుతావా అని ఆవిడ నన్ను అడుగుతోంది, చేతులు తీసేశాను.

ఆపావేం అన్నారు, గొంతు తగ్గించాను, ఇది నా మర్దనకి లొంగేది కాదు గురువుగారూ, గాలి కాదు, అబద్ధం చెప్పాను, ఇప్పుడే పెద్దాసుపత్రికి వెళ్దాం, నేనూ వస్తాను, ఆయన కళ్లు మూసుకున్నారు, కోడిగుడ్డంత అయిందా అన్నారు ఆవిడకి వినపడకుండా, కొత్త సంవత్సరం పండక్కి పావురం గుడ్డంతే ఉండేది, అంటే ఇన్ని నెలలూ తన వేళ్లతో తనే తడుముకుంటూ, భార్య వండిపెట్టిన బేరిపండ్లు తింటూ, ఎవరికీ చెప్పకుండా, ఊరందరి పొట్టలూ చూసిన మనిషి, ఈయన మలబద్ధకం తగ్గించుకోవడానికి రాలేదు, తన చెయ్యే పొరబడిందని నా చెయ్యి చెబుతుందేమోనన్న ఆశతో వచ్చారు.