మానిటర్‌కి కుళ్ళొచ్చింది

షట్టర్ ఎత్తగానే పెద్దకోడలు చేసే మొదటి పని మానిటర్ తుడవడం. మెత్తటి పాత గుడ్డతో, నీళ్ళు తగలనివ్వకుండా, ముందు అంచులు, ఆ తర్వాత మధ్యలో. వాళ్ళది ఇంటిల్లిపాదీ కలిసి నడిపే ప్రింటింగ్ షాపు. ముందుగదిలో డిజైన్లు, వెనకగదిలో మెషిన్లు, ఆ పక్కన కాగితాలు మడిచే బల్ల. షాపు మామగారిదే గానీ, పెళ్ళి కార్డయినా కొట్టు బోర్డయినా అక్షరాలు పేర్చేది మాత్రం పెద్దకోడలే.

ఆ రోజు మానిటర్ వెలిగింది, టపటపా కొట్టుకుంది, ఆరిపోయింది. మళ్ళీ వెలిగేసరికి తెల్లగా ఉండాల్సిందంతా పచ్చకామెర్లు వచ్చినట్టు పసుపు.

ఎందుకో ఆమెకి తెలుసు. ముందురోజే పక్క టేబుల్ మీద చిన్నకోడలి కోసం కొత్త మానిటర్ దిగింది. కిటికీ అంత ఉంది మరి!

"కుళ్ళొచ్చినట్టుంది దీనికి," అన్నారు మామగారు టీ ఊదుకుంటూ.

పక్కన కొత్తది పెడితే పాత స్క్రీన్‌కి కుళ్ళు రావడం మనుషులకి జలుబు రావడం లాంటిదే కదా. ఫోన్లకి కాస్త తక్కువ, టీవీలకి ఎక్కువ, మానిటర్లకైతే చెప్పనే అక్కర్లేదు.

"ఇన్నేళ్ళు చాకిరీ చేసింది. ఆమాత్రం ఉండదా దానికి?" అంది పెద్దకోడలు. 'దానికి' అన్న మాట కాస్త గట్టిగానే అంది.

మెకానిక్ వచ్చాడు. కేబుల్ పీకి మళ్ళీ గట్టిగా పెట్టాడు. ఇంకో కేబుల్ వేసి చూశాడు. ప్లగ్గు మార్చాడు, సెట్టింగులన్నీ మార్చాడు, వేరే కంప్యూటర్‌కి తగిలించాడు. మానిటర్ ఎక్కడ పెట్టినా అదే కొట్టుకోవడం.

"లోపల ఏ జబ్బూ లేదు మేడమ్. ఇది కుళ్ళే. రెండింటికీ మధ్య ఏదన్నా అడ్డం పెట్టి చూడండి."

పెద్ద అట్టముక్క అడ్డం పెట్టారు. ఏం లాభం? అవతల ఎవరైనా "అబ్బ, ఎంత బాగుందండీ!" అంటే చాలు, ఇవతల మానిటర్ గిలగిలా కొట్టుకునేది.

"సిగ్గులేదూ? నీ పని నువ్వు చూసుకో," అని దాన్ని కసిరేది పెద్దకోడలు. కసిరి, తనే మునివేళ్ళ మీద లేచి అట్టముక్క పైనుంచి తొంగిచూసేది. చూశాక ఊరుకోగలదా? "ఏమ్మా, ఆ ఒత్తు కింద లైనుకి తగుల్తోంది, కనబడట్లేదా అంత పెద్ద మానిటర్‌లో?" అని ఒకటి అంటించి కూర్చునేది. గదిలో ఫ్యాన్ కూడా ఈమధ్య అటువైపే గాలి కొడుతోందని ఆమె అనుమానం.

"శనివారం దాకా చూద్దాం పెద్దమ్మాయ్," అన్నారు మామగారు. "బాగవకపోతే తీసేద్దాం. ఇంకోటి కొనే ఓపిక నాకు లేదు. డిజైన్లు చిన్నమ్మాయి చూసుకుంటుంది. నువ్వు మడతల బల్ల దగ్గర కూర్చో. అక్కడ మనిషి కావాలి."

ఇన్నేళ్ళు అక్షరాలు పేర్చిన చేత్తో కాగితాలు మడవాలా? మానిటర్ ఇంకా పచ్చబడింది.

శనివారం ఆమె వచ్చేసరికి చిన్నకోడలు మొహం వేలాడేసుకుని కూర్చుంది. కొత్త మానిటర్ నిండా అడ్డగీతలు. చూస్తుండగానే ఆరిపోయింది. మెకానిక్ మళ్ళీ వచ్చాడు, అదే కేబుల్ భాగోతమంతా మళ్ళీ నడిపాడు.

"ఇదీ కుళ్ళే," అన్నాడు.

"కొత్తదానికేం తక్కువైందయ్యా?" అన్నారు మామగారు.

"నన్నడుగుతారేంటండీ? దాని ఎదురుగా కూర్చునేవాళ్ళని అడగండి."

"నాకేం లేదు మామయ్యా," అంది చిన్నకోడలు. ఆ వెంటనే బద్దలైపోయింది. "కార్డులకొచ్చిన ప్రతి పార్టీ వాళ్ళూ బాగుంది బాగుందంటారు. తీరా ప్రింటుకి పంపేముందు, 'ఒకసారి మీ అక్కగారికి చూపించండి' అంటారు! పొద్దున్నించీ నేను కళ్ళు కాయలు కాచేలా చేస్తానా, అక్క పైనుంచి తొంగిచూసి ఆ ఒత్తు జరపమంటుంది. జరపకూడదనే అనుకుంటాను. జరిపితే బాగుంటుంది. అదీ నా మంట!"

పెద్దకోడలికి ఎండలో పడి వచ్చి చల్లటి నీళ్ళు తాగినట్టయింది. 'ఏదీ, ఇంకోసారి చెప్పు' అనబోయి, నాలిక కరుచుకుంది. ఆమె వెనకాల పాత మానిటర్ కొట్టుకోవడం మానేసింది. పసుపంతా దిగిపోయి పాలల్లే తెల్లబడింది.

"ఇంకేం, పాతది దారికొచ్చింది," అన్నారు మామగారు. "కొత్తది కొన్నచోటే తిరిగిచ్చేద్దాం. చిన్నమ్మాయే మడతల బల్ల దగ్గర కూర్చుంటుంది."

వారమంతా పెద్దకోడలు కోరుకున్నది అదే. చిన్నకోడలి వైపు చూసింది. పెదాలు బిగించి, తనవైపే కళ్ళల్లో నిప్పులు పోసుకుని చూస్తోంది ఆ పిల్ల. బుద్ధెరిగాక తనని చూసి ఇంకొకళ్ళు కుళ్ళుకోవడం ఇదే మొదలు. అలాంటిదాన్ని చేతులారా పోగొట్టుకోబుద్ధి కాలేదు ఆమెకి.

"వద్దు మామయ్యా, నా పక్కనే ఉండనివ్వండి. ఒత్తులు ఎలా సర్దాలో నేర్పిస్తాను. అన్నీ కాదులెండి."

"అన్నీ ఎందుకు కాదు?" అంది చిన్నకోడలు, ముక్కు ఎగబీలుస్తూనే.

"అన్నీ నేర్చేసుకుంటే ఇంక నన్ను చూసి ఏడవడానికి నీకేం మిగుల్తుందే?"

చిన్నకోడలు కుర్చీ బరబరా లాక్కుంటూ వచ్చి ఆమె పక్కన చేరింది. అట్టముక్క కింద పడితే ఎవరూ తీసి నిలబెట్టలేదు. కాసేపటికి అవతలి టేబుల్ మీద కొత్త మానిటర్, ఎవరూ ముట్టుకోకుండానే, వీళ్ళు తనని వదిలేసి ఏం చేసుకుంటున్నారో చూద్దామన్నట్టు, మెల్లిగా ఒక మూలనుంచి వెలగడం మొదలుపెట్టింది.