క్యాంపు అంటే చేనంట

టంగ్...

గంగాళం అంచుకు గరిటె తగిలిన చప్పుడు. వెనకే జొన్నగంజి ఆవిరి.

ఆ చప్పుడు వింటే ఇప్పటికీ కాశన్న చెయ్యి ఆగిపోతుంది.

యాభై రెండు కరువు. చేలల్లో రాళ్లు తేలాయి. బేతంచెర్ల దారిలో గుడారాలు వేసి గంజి పోశారు. ఆ గంజి పోసే పని కాశన్నకు దొరికింది. పనితోపాటు ఒక మాట కూడా దొరికింది — క్యాంపు.

ఎంత గొప్పగా అనేవాడో! ఎవరడిగినా, "నేను క్యాంపులో ఉండా."

ఊళ్లవాళ్లకు క్యాంపు అంటే గంజి. రోడ్డుకు కంకర కొట్టేవాళ్లకు కూలి. జీపులో వచ్చే దొరకు మాత్రం తెల్లగుడ్డ పరిచిన బల్ల, కోడికూర. కాశన్న మనసులో తనదీ ఆ దొర క్యాంపే. భ్రమకు కరువేముంది!

తల్లి హంపమ్మ ఊళ్లోనే ఉండిపోయింది. వాన పడితే చేను ఎవరు చూస్తారని. పోదాం, పోదాం అనుకుంటూనే... కాశన్న పోలేదు.

ఒకరోజు వరుసలోంచి ఒక ముంత ముందుకొచ్చింది.

సొట్ట ముంత. ఇంటి ముంత.

తలెత్తాడు. హంపమ్మ. ఎముకల మీద చీర కట్టినట్టుంది. కొడుకును చూసి నవ్వింది.

ఆ నవ్వు చూసి పక్కనున్న గుమాస్తా అడిగాడు, నీ మనిషా అని.

"కాదు సార్. ఎవురో... యాడి మనిషో."

ఛీ. ఎంత సులువుగా వచ్చింది నోటికి!

పనివాళ్ల ఇంటివాళ్లకు గంజి పోయకూడదని అక్కడ రూలు. నిజమే. అవునని ఉంటే ఆమెను వరుసలోంచి లాగేసేవాళ్లు. ఈ సాకు కాశన్న తనకు తానే ఎన్నిసార్లు చెప్పుకున్నాడో. కానీ రూలు గుర్తొచ్చింది తర్వాత. ముందొచ్చింది సిగ్గు.

ఆకలి రుచెరగదంటారు. సిగ్గు తల్లినే ఎరగదు.

హంపమ్మ నవ్వు ఆగింది. ముంత చాచింది.

"రవ్వంత చిక్కగా పొయ్యప్పా."

అప్పా! కన్నప్పటినుంచీ "కొడకా" తప్ప ఇంకో మాట ఎరగని నోరు. దారినపోయే మనిషిని పిలిచినట్టు పిలిచింది.

ఆపై ఏడాది వానలొచ్చాయి. క్యాంపు ఎత్తేశారు. కాశన్న ఇల్లు చేరాడు.

బడి అయ్యవారు దావీదురాజు ఒకనాడు మాటల్లో చెప్పాడు. క్యాంపు అనేది శానా పాత మాటట. ఇంగ్లీషు కంటే ముందు భాషలో దానికర్థం బయలు, చేను. చేలల్లో దండు దిగింది, గుడారాలు వేసింది. చేని పేరు గుడారాలకు అంటుకుంది. చేను సంగతి అందరూ మరిచారు.

కాశన్న లేచి వచ్చేశాడు.

చేను ఆమె కాసింది... పేరు వాడు మోసుకు తిరిగాడు.

కాళ్లు పట్టుకుని ఏడ్చి ఉంటే పోయేదేమో. పట్టుకోలేదు. హంపమ్మ కూడా ఎవరికీ చెప్పలేదు, తర్వాత ఇంటికొచ్చిన కోడలికి కూడా. ఊళ్లో అందరితో ఎప్పటిలాగే ఉంది. వాడితోనూ బాగానే ఉంది. అదే వాణ్ని కాల్చుకు తింటోంది.

కొత్త జొన్నలు ఇంటికొచ్చాయి. హంపమ్మ అంబలి కాచింది.

కాశన్న సొట్ట ముంత చాచాడు. అమ్మా, నేనే, నీ కొడుకుని అందామనుకున్నాడు... ముంతే ఇంకాస్త ముందుకు జరిపాడు.

ఆమె అడుగునుంచి తీసి, చిక్కగా పోసింది.

"ఇంకొంచెం పొయ్యాలా అప్పా?"

గరిటె గిన్నె అంచుకు తగిలింది.

టంగ్...