తల్లి సహకరించలేదు

డిశ్చార్జి కాగితాలు నింపడం నా వంతు. డాక్టరమ్మ చెబుతుంది, నేను రాస్తాను, ఆవిడ చూడకుండానే సంతకం గీకేస్తుంది. ఇవాళ ఏడో మంచం మీది కుట్టుపని అమ్మాయి బిడ్డతో ఇంటికి వెళ్తోంది. "ఆపరేషన్ ఎందుకంటే, తల్లి సహకరించలేదు అని రాసెయ్ సిస్టర్," అంది డాక్టరమ్మ, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

సహకరించకపోవడమేంటి, నా తలకాయ! ఆ రోజు డ్యూటీ నాదే. పదహారు గంటలు ఆ పిల్ల పళ్ళ బిగువున నొప్పులు పడింది. బిడ్డ ముఖం పైకి తిరిగి ఉండి తల దిగలేదు. అరిస్తే, "మొగుడి పక్కన పడుకున్నప్పుడు లేదా ఈ ఏడుపు?" అని ఆయా కసిరింది. ఒకప్పుడు అదే మాట నేనూ అన్నదాన్నే. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. నా కాన్పు కాగితంలోనూ 'తల్లి సహకరించలేదు' అనే ఉంది. మా అత్తగారు కొడుకు చేత చదివించుకుని మరీ విన్నది. పన్నెండేళ్ళయింది. పాలు పొంగిపోయినా, డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చినా, "కనడానికే సహకరించని మనిషి, కాపురానికేం సహకరిస్తుంది?" అంటారు మా ఆయన. ఎదురు మాట్లాడితే, "నేనన్నానా? డాక్టర్లే రాశారుగా!" అని నవ్వు. నర్సునయ్యుండీ ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను.

చూసింది చూసినట్టు రాశాను. "ఈసారి చదివి సంతకం పెట్టండి మేడమ్," అన్నాను.

"నేను చెప్పిందేంటి, నువ్వు రాసిందేంటి?"

"మీ మాటే ఉండాలంటే మీ చేత్తో రాసుకోండి. కింద నేను కాదన్నానని కూడా రాస్తాను."

"పెద్ద సార్‌కి చెప్తాను."

"చెప్పండి."

కొరకొరా చూసి, సంతకం పెట్టి, కాగితం నా మీదికి విసిరింది. అది తీసుకుని వార్డులోకి నడిచాను.

ఏడో మంచం దగ్గర ఆ అమ్మాయి అత్తగారు సంచులు సర్దుతోంది. "మావాడు బండి మాట్లాడ్డానికి వెళ్ళాడమ్మా. అయినా ఈ కాలం పిల్లలకి ఓపికేదీ? మా కోడలు కాస్త గట్టిగా కష్టపడుంటే ఈ కోత తప్పేదిగా!"

కోడలు తల దించుకుంది. నేను వార్డంతా వినేలా చదివాను: "తల్లి పదహారు గంటలు నొప్పులు ధైర్యంగా భరించారు. మేము చెప్పిందల్లా చేశారు. బిడ్డ తల తిరిగి ఉండటం వల్ల ఆపరేషన్ చేశాం. ఇందులో ఆమె లోపం ఏమీ లేదు."

అత్తగారు సర్దుతున్న సంచి కింద పెట్టేసింది. ఆ అమ్మాయి బిడ్డని ఒళ్ళో సర్దుకుని నిటారుగా కూర్చుంది.

"ఉండండి సిస్టర్," అంది. "ఆయన్ని కూడా రానివ్వండి. ఇంకోసారి చదువుదురుగాని."