మిగిలిపోయిన గడి

తిరువూరు మెయిన్‌రోడ్డులో బట్టల కొట్టు నడుపుకునే ఆ ఇంట్లో ఆదివారం పేపరు మీద మొదటి హక్కు మురళీకృష్ణది. గళ్ళ నుడికట్టు పెన్నుతోనే నింపుతాడు. పెన్సిల్ పట్టడం ఆయనగారికి నామోషీ. ఇంటిల్లిపాదిలో బీకాం గట్టెక్కింది తానొక్కడే కదా, ఆ మాత్రం బడాయి ఉండదూ మరి!

"ఈ వారం అన్నీ కాలేజీ పదాలే వదినా. మీరు కాస్త దూరంగా ఉండండి," అన్నాడు.

నాగలత నవ్వేసింది గానీ మనసు చివుక్కుమంది. పెళ్ళితో ఆగిపోయిన బీఏని దూరవిద్యలో పూర్తిచేద్దామని పట్టుబట్టిన మనిషి ఆవిడ. అన్నీ అయ్యాయి, ఇంగ్లీషు ఒక్కటే పీకల మీద కూర్చుంది. ఇదే ఆఖరి అవకాశం. ఇప్పుడు తప్పితే మళ్ళీ మొదటినుంచీ రాసుకోవాల్సిందే. ఫలితాలు ఈరోజే. కూతురు ప్రత్యూష పొద్దుటినుంచీ ఫోన్ వదల్లేదు, ఆ సైటేమో తెరుచుకోనని మొరాయిస్తోంది. నాగలతకు కాలూ చెయ్యీ ఆడటం లేదు.

ఊరికే కూర్చోలేక మరిది భుజం మీదుగా తొంగిచూసింది. 'డిగ్రీ పుచ్చుకున్నవారు' అన్న ఆధారానికి అడ్డంగా 'పట్టభద్రుడు' అని దర్జాగా రాసేశాడు. గళ్ళు ఆరు, అక్షరాలు అయిదు. చివరి గడి ఖాళీగా వెక్కిరిస్తోంది.

"పేపరువాళ్ళే గడి ఎక్కువేశారు," అన్నాడు మురళీకృష్ణ, ఏమాత్రం తొణక్కుండా.

"నిలువు కూడా చూడు మురళీ. అయిదో గడినుంచి కిందికి, 'జవాబులు నోటితో కాదు, కలంతో ఇచ్చేది' అని ఉంది. అది రాతపరీక్ష. అక్కడ 'డు' ఎట్లా కుదురుతుంది? 'రా' కదా రావాల్సింది."

"'రా' పెడితే ఇక్కడ అడ్డం ఏమవుతుందంట?"

నాగలతకు తెలిసిపోయింది.  కానీ ఆ మాట తనకు దక్కుతుందో లేదో తేలకుండా పైకి అనడానికి భయమేసింది.

"అమ్మా, వచ్చేసింది," అంది ప్రత్యూష. "ఇంగ్లీషు పాస్. అన్నీ పాసే."

నాగలత కూతుర్ని గట్టిగా వాటేసుకుంది. ఒళ్ళంతా సంతోషమే, ఏడుపూ నవ్వూ కలిసి తన్నుకొచ్చాయి. ఆ ఊపులోనే మరిది చేతిలో పెన్ను లాక్కుని, 'డు' కొట్టేసి, చివరి రెండు గళ్ళలో 'రా', 'లు' అని పెద్దగా దిద్దింది.

మురళీకృష్ణ కళ్ళజోడు సర్దుకుని కూడబలుక్కుంటూ చదివాడు.

"ఆడవాళ్ళు అని ఆధారంలో ఎక్కడా చెప్పలేదే వదినా," అని గొణిగాడు.

"వేరే చెప్పాలా మురళీ? నేను ఎదురుగానే ఉన్నాగా," అంది పట్టభద్రురాలు నాగలత.