ముక్కు వైపు నిలబడి

సైకిల్ చక్రపు పుల్లను పట్టకారుతో పట్టుకుని ఏసుబాబు దాని కొసను మెల్లగా వంచాడు. ఒక వంపు, దానికి ఎదురుగా ఇంకో వంపు. ఆ కొసను సర్వో చేతికున్న రంధ్రంలో దూర్చి అటూ ఇటూ ఆడించి చూశాడు. సర్వో అంటే అగ్గిపెట్టెంత మోటారు. రిమోట్‌లో మీట కదిపితే దాని చేయి కదులుతుంది, చేతికి తగిలించిన పుల్ల రెక్క అంచునున్న పలకను లేపుతుంది, దించుతుంది. గాలిలో ఆ బొమ్మ విమానం ఒరిగేదీ మలుపు తిరిగేదీ ఆ పలకలతోనే.

కోదాడ అవతల పొలాల మధ్య ఉన్న ఆ ఇంజనీరింగ్ కాలేజీలో అతను ల్యాబ్ అటెండర్. యాభై దాటాయి. పొట్టి మనిషి, నెరిసిన మీసం, బొటనవేలి గోరు కింద ఎంత తోమినా పోని జిగురు మరక. ఆ చేతికి పేరుంది. పేరంటే మరేం లేదు, ఏదైనా పాడైతే ముందు పిలిచేది అతన్నే, ఫొటోలు దిగేటప్పుడు పిలవడం మరిచేదీ అతన్నే. అందుకు అతనికి ఏనాడూ బాధ లేదు.

ఇవాళ కవిత విమానం ఎగరాలి. ఈ కాలేజీలోనే చదివే కవితది దామరచర్ల. తల్లి సైదమ్మ కరెంటు ప్లాంటు పనుల్లో మట్టి మోస్తుంది. హైదరాబాదు నుంచి డ్రోన్ల కంపెనీ వాళ్లు వస్తున్నారు, పిల్లలు ఎగరేసిన తీరు చూసి వాళ్లలో ఒక్కరికి ఉద్యోగం ఇస్తారట. ఆ ఒక్కరూ కవితేనని కాలేజీ అంతా అనుకుంటోంది. అందరికంటే గట్టిగా అనుకుంటున్నది ఏసుబాబే.

విమానాన్ని మైదానానికి మోసుకెళ్లేసరికి పెద్దలు వచ్చి కూర్చున్నారు. షామియానా, సోఫాలు, కొబ్బరిబొండాలు. విమానాన్ని తోక షామియానా వైపు, ముక్కు పొలాల వైపు పెట్టారు. తీరా చూస్తే రెక్క సర్వో గీపెట్టింది, లోపలి గేర్ల పళ్లు అరిగాయి. ఏసుబాబు మోకాళ్ల మీద కూర్చుని దాన్ని ఊడదీసి, కొత్తది బిగించి, పుల్లలు తగిలించాడు. ఇక పలకలు సరైన వైపుకే కదులుతున్నాయో లేదో చూడాలి. అది తోక వెనక నిలబడి చూడాలి. మీట కుడికి తోస్తే కుడి పలక లేవాలి. ఏటేటా పిల్లలకు అతను చెప్పే మాటే అది.

కానీ తోక వెనక నిలబడితే సోఫాలో కూర్చున్న కాలేజీ చైర్మన్ గారికి వీపు చూపించాలి.

అతను ఆలోచించలేదు, కాళ్లే నడిచాయి. వంగి, చేతులు కట్టుకుని, చుట్టూ తిరిగి వెళ్లి ముక్కు వైపు నిలబడ్డాడు. గరిడేపల్లిలో పటేలు దగ్గర పాలేరుగా జీతమున్న తండ్రి మట్టయ్య, ఆ వాకిట్లోంచి ఎప్పుడూ వెనక్కి వెనక్కి నడుస్తూనే బయటికొచ్చేవాడు. పెద్దోళ్లకు వీపు చూపించొద్దన్నది కొడుక్కి అతను నేర్పిన మొదటి చదువు.

“కుడికి తోయ్ బిడ్డా,” అన్నాడు ఏసుబాబు.

పెద్దలు ఏదో అడుగుతుంటే జవాబు చెబుతూనే కవిత మీట తోసింది. అతని కుడిచేతి వైపు పలక దిగింది. లేవాల్సింది దిగిందేమిటి అనుకుని, పలకల కదలికను తిరగేసే రివర్స్ మీట నొక్కమన్నాడు. నొక్కింది. మళ్లీ తోస్తే ఈసారి లేచింది.

“అయిందా అన్నా?”

“అయింది బిడ్డా. ఇగ లేపు.”

విమానం తిన్నగా లేచింది. చప్పట్లు కొట్టారు. వరిపొలం మీదికి పోయాక కవిత కుడికి తిప్పింది. అది ఎడమకు ఒరిగింది. అప్పుడు వెలిగింది ఏసుబాబుకు. ముక్కు వైపు నిలబడ్డవాడి కుడిచేయి, విమానానికి ఎడమ వైపు. సరిగ్గా ఉన్నదాన్ని తనే తిరగేశాడు. అరవబోయి, సోఫాల వైపు చూసి ఆగాడు. కవిత ఇంకాస్త కుడికి తోసింది. విమానం బోర్లపడి, ముక్కు కిందికి పెట్టి, బురదలో దిగబడింది.

ఆడపిల్ల కదా, చేతులు వణికి ఉంటాయని చైర్మన్ గారు నవ్వారు. ఆయన నవ్వాక అందరూ నవ్వారు. కవిత రిమోట్ పట్టుకుని తల దించుకుంది. ఏసుబాబు పొలంలోకి దిగి ముక్కలు ఏరాడు. గట్టెక్కి వచ్చి తప్పు నాదని చెబితే సరిపోయేది. ఏరడానికి ఏమీ మిగలకపోయినా వంగే ఉన్నాడు. అతను తలెత్తేసరికి ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేసి, కార్లు కూడా వెళ్లిపోయాయి.

సాయంత్రం ల్యాబ్‌లో కవిత సామాను సర్దుకుంటోంది. చివరి సంవత్సరం, ఇక రానక్కర్లేదు. తప్పు తనదేనని, ముక్కు వైపు నిలబడి చూశానని, బల్ల వైపు చూస్తూ చెప్పాడు ఏసుబాబు.

“నాకెరుకనే అన్నా. అది ఎడమకు ఒరిగినప్పుడే ఎరుకైంది.”

“మరి సార్లకు ఎందుకు చెప్పలే?”

“చెప్తే నిన్ను గీడ ఉంచుతరా? నాకు ఇంకోటి దొరుకుతది. నువ్వు గూడ ఎవ్వరికీ చెప్పకు.”

కాదు బిడ్డా, ఇప్పుడే పోయి చెప్తా అనాలి. హెచ్‌ఓడీ గది ఎదురుగానే ఉంది, తలుపు తెరిచే ఉంది. అనలేదు. అనకపోగా గుండె తేలికపడింది. ఛీ, తేలికపడింది! అది తెలిసేసరికి సిగ్గుతో అతని చెవులు మండిపోయాయి. అయినా తల ఊపాడు. మిర్యాలగూడ బస్సు టైమైందని, పోయొస్తానని చెప్పి ఆమె వెళ్లిపోయింది.

హెచ్‌ఓడీ గదికి తాళం పడిన చప్పుడయ్యేదాకా ఏసుబాబు అక్కడే నిలబడ్డాడు. తర్వాత లైటు ఆర్పబోయి బల్ల వైపు చూశాడు. విరిగిన రెక్క పక్కన, ఆమె చున్నీ నుంచి తీసి పెట్టేసిన అట్టముక్క ఉంది. దాని మీద ‘పైలట్ కవిత’ అని రాసి ఉంది, పిన్నీసు ఇంకా తెరిచే ఉంది.