అడుగున రాయాల్సిన పేరు

పదో తరగతి నుంచి ఎమ్మే దాకా వీరదుర్గకు మార్కులు తెచ్చిపెట్టింది ఒకటే విద్య, గైడులో ఉన్నది మక్కికి మక్కి దింపడం. సొంతంగా ఒక్క ముక్క కలిపినా మాస్టర్లు మార్కు కోసేవాళ్లు. రెండువేల ఒకటిలో ఎంఫిల్‌లో చేరాక కూడా అదే చేత్తో మొదటి అధ్యాయం రాసి, బందరులో తన పరిశోధనకు గైడైన ధర్మారావుగారి బల్ల మీద పెట్టింది. ఆయన రెండు పేజీలు తిప్పి కళ్లజోడు తీశారు.

"ఇది దొంగతనం తల్లీ."

పిల్ల బిత్తరపోయింది. పాపం, బుద్ధెరిగాక ఎవరి చేతా అంత మాట పడలేదు.

"పరాయివాళ్ల మాటైతే ఎవరిదో అడుగున పేరు రాయాలి. సొంత మాటైతే ఎలా తెలిసిందో చెప్పాలి. పరిశోధనంటే ముందు అదేనమ్మా," అన్నారాయన. బాగానే చెప్పారు. చెప్పడంలో ఆయనకు వంక పెట్టడానికి లేదు.

వీరదుర్గ ఆ మాట గట్టిగా పట్టుకుంది. ఆమె రాస్తున్నది దివిసీమలో చేపల వేటకు వెళ్లే తమవాళ్లకు గాలుల గురించి తెలిసిన సంగతులు. ఏ గాలికి నీటి రంగు మారుతుందో, ఏ గాలికి వల వెయ్యకూడదో అంతా మామ్మ పెద్దింట్లమ్మ నోట్లో ఉంది. మామ్మకు చెప్పింది తాత. ఆ తాత డెబ్బై ఏడు ఉప్పెనలో పోయాడు. శవం దొరకలేదు, ఫోటో ముందే లేదు. పుస్తకం అడుగునైనా ఆయన పేరు అచ్చులో కనబడాలని వీరదుర్గ పంతం పట్టింది. డిగ్రీ కన్నా అదే ఎక్కువైపోయింది ఆమెకు.

టేప్ రికార్డరు పట్టుకెళ్లి మామ్మ ముందు కూర్చుంది.

"ఇయ్యన్నీ నీకెవరు చెప్పారు మామ్మా?"

"ఇంకెవరే, ఆయనే."

"ఆయనంటే? పేరు చెప్పు."

"ఛీ, నోర్ముయ్! మొగుడి పేరు నోటితో చెప్తారటే? నీకు తెల్దేంటి, నువ్వే రాసుకో."

వీరదుర్గ నవ్వేసి, వెంకటపతి అని తనే రాసుకుంది.

రెండోసారి రాసింది చూసి ధర్మారావుగారు తెగ మెచ్చుకున్నారు. టేపు విన్నాక మాత్రం అడుగునున్న పేరు మీద ఎర్రగీత గీశారు.

"టేపులో ఈ పేరు లేదుగా. సాక్ష్యం లేనిది రాయకూడదమ్మా. 'మత్స్యకారుల్లో వ్యాప్తిలో ఉంది' అని రాయి, చాలు."

వ్యాప్తట! ఉప్పెన తీసుకెళ్లగా మిగిలిన ఆ కాస్త పేరూ వ్యాప్తిలో కలిసిపోయింది. మనసు ఒప్పకపోయినా వీరదుర్గ తలూపింది. గురువుగారికి ఎదురుచెప్పే గుండె ఆ ఇంట్లోవాళ్లకు ఎక్కడిది?

కొన్నాళ్లకు లైబ్రరీలో ఓ పత్రిక తిరగేస్తుంటే తన వాక్యాలే కనబడ్డాయి. మామ్మ మాటలే, పొల్లుపోకుండా. పైన ధర్మారావుగారి పేరు. అడుగున ఎవరి పేరూ లేదు. ఒళ్లు మండిపోయింది. మండదూ మరి? కంచే చేను మేస్తే ఇంకెవరితో చెప్పుకోవాలి?

ఆయన్ని అడగడానికి నోరు రాక, ఇంటికెళ్లి మామ్మ ఒళ్లో పడి బావురుమంది. పెద్దింట్లమ్మ అంతా విని మనవరాలి కళ్లు తుడిచింది.

"ఆ టేపు డబ్బా ఇటు తే," అంది.

కొంగు సర్దుకుంది. పెదాలు కదిలాయిగాని మాట రాలేదు. మళ్లీ ఊపిరి తీసుకుని, "వెంకటపతి. మా ఆయన. ఆయన చెప్పిందే ఇదంతా," అంది. పెళ్లయ్యాక ఆ పేరు ఆవిడ నోట రావడం అదే మొదలు. చెయ్యరాని పని చేసినట్టు గోడవైపు తిరిగి ఏడ్చింది.

మర్నాడు ధర్మారావుగారు ఆ టేపు శ్రద్ధగా విన్నారు. కోప్పడలేదు సరికదా, కూర్చోమని కుర్చీ చూపించారు.

"మంచి పనే చేశావు. కానీ ఇది నిన్న రికార్డు చేసింది. నా వ్యాసం ఎండాకాలంలోనే వచ్చేసింది. ముందు అచ్చయిందాన్ని అడుగున చూపించకపోతే, నువ్వే నా దాంట్లోంచి కాపీ కొట్టావంటారు. డిగ్రీ పోతుందమ్మా. నీ మంచికే చెప్తున్నా."

బల్ల మీది పెన్ను తీసి ఆయనే అందించారు. వీరదుర్గ మామ్మ మాటలకు అటూ ఇటూ కొటేషన్లు పెట్టింది. అడుగున 'ధర్మారావు' అని రాసింది.

"పేజీ నంబరు కూడా వెయ్యమ్మా," అన్నారాయన.