గొట్టంలోని మచ్చ

...అయితే మరి ఆ మచ్చ ఫోటోలో ఎందుకు పడలేదు? ఆ ఒక్కటే తేలడం లేదు. మిగతావన్నీ ఏదో ఒక రకంగా సర్దుకుంటున్నాయి. పెద్ద అద్దం మీద మరక ఉందంటే దానికో అర్థం ఉంది. చిన్న అద్దం వంకరగా కూర్చుందంటే దానికీ ఉంది. సముద్రం పక్కన ఊరు కనుక కటకానికి తేమ పట్టిందన్నా కాదనలేం. కానీ అదే టెలిస్కోపు గొట్టానికి ఫోన్ ఆనించి తీసిన ఫోటోలో చిమ్నీ తిన్నగా ఉంది. ఎర్ర పట్టీలు, తెల్ల పట్టీలు లెక్కపెట్టుకోవచ్చు. ఏమో, ఫోన్లకి ఇప్పుడు తెలివెక్కువ. వంకర ఉంటే వాటంతటవే సరిచేసుకుంటాయట. మనుషుల మొహాల మీద మొటిమలు తుడిచేసేవాటికి చిమ్నీ మీద మచ్చ ఒక లెక్కా?

ఈ సమాధానం దగ్గర ఉమాశంకర్ కాసేపు ఆగాడు. బాగానే ఉంది. కానీ ఎక్కువసేపు నిలబడేలా లేదు.

కూర్మన్నపాలెంలో అతనుండేది రెండో అంతస్తు, పైన డాబా. మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు దిగి, భోంచేసి, నాలుగున్నరకల్లా టెలిస్కోపు మోసుకుని డాబా ఎక్కడం మూడు నెలలుగా అలవాటైంది. చీకటి పడేదాకా ఆగనక్కర్లేదు. దూరంగా ఉక్కు ప్లాంటు చిమ్నీ ఉంది, కొన్ని రోజులు పగటి చంద్రుడూ ఉంటాడు. ఈ రకం టెలిస్కోపులో అన్నీ తలకిందులు. చిమ్నీ ఆకాశంలోంచి వేలాడుతుంది, పొగ కిందికి కారుతుంది. అది దాని స్వభావం, తప్పు కాదు. తప్పు వేరే ఉంది. సరిగ్గా చూపు నిలిపిన చోట, తడి వేలితో తుడిచినట్టు, బూడిదరంగు మచ్చ. దాని దగ్గరికొచ్చేసరికి చిమ్నీ అంచు లోపలికి నొక్కుకుపోతుంది, దాటగానే మళ్ళీ తిన్ననవుతుంది.

నిరుడు బీచ్ రోడ్డులో ఎవరో సంఘం వాళ్ళు టెలిస్కోపు పెట్టి, దారినపోయేవాళ్ళకి శనిగ్రహం చూపించారు. వరస చాంతాడంత ఉంది. "ఇక్కడ నిలబడేకన్నా ముంతమసాలా తిన్నా పుణ్యమే" అని అతని భార్య చంద్రిక వెళ్ళిపోయింది. అతను నిలబడ్డాడు. వంగి చూశాడు. బియ్యపుగింజంత ఉంది, చుట్టూ వలయం. ఎవరో సూదిమొనతో గీసినంత స్పష్టంగా ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా క్రేను క్యాబిన్‌లో కూర్చుని కిందికి చూడడమే అతని ఉద్యోగం. కరిగిన ఉక్కు నిండిన లాడిల్‌ని, ఇంటి గదంత ఉండే ఆ బకెట్‌ని, ఎత్తాలి, నడిపించాలి, దించాలి. అంత ఎత్తున కూర్చునీ పైకి చూడాలని ఎప్పుడూ తోచలేదెందుకో. సొంతానికి టెలిస్కోపు కొన్నాక ఆ వలయం కోసమే వెతికాడు. దొరికింది గాని, అది వలయంలా లేదు. నలిగిన అప్పడంలా ఉంది.

ప్లాంటులో మెయింటెనెన్సు వాళ్ళకి ఒక పద్ధతి ఉంది. యంత్రం మొరాయిస్తే దాంతో వాదించరు. ఒక భాగం తీసి, దాని చోట మంచిది పెట్టి చూస్తారు. తప్పు పోయిందా, ఆ భాగానిదే. పోలేదా, పాతది పెట్టేసి తర్వాతి భాగం తీస్తారు. ఉమాశంకర్‌కి ఆ పద్ధతంటే గౌరవం. అదే చేశాడు. కన్ను ఆనించే ఐపీస్ మార్చాడు, ఇంకోటి తెప్పించి అదీ మార్చాడు. అద్దాలు వరసలో ఉన్నాయో లేదో చూసే లేజర్ పరికరం తెప్పించాడు. మరలు బిగించి, వదులు చేసి, మళ్ళీ బిగించాడు. చివరికి పెద్ద అద్దాన్నే ఊడదీసి, పసిబిడ్డకి స్నానం చేయించినంత భయంగా సబ్బునీళ్ళలో కడిగాడు. మచ్చ మాత్రం చెక్కుచెదరలేదు.

వాట్సాప్‌లో ఆ సంఘం వాళ్ళ గ్రూపు ఉంది. అందులో ఒకాయన ఫోకస్ సరిచేసుకోమన్నాడు, ఇంకొకాయన ఆ కంపెనీదైతే అమ్మేయమన్నాడు. హిమబిందు అని కాలేజీలో ఫిజిక్స్ చెప్పే అమ్మాయి, "పగటిపూట చిన్న అద్దం నీడ మధ్యలో కనిపిస్తుంది సార్, మామూలే" అని రాసింది. ఆ మాట మీద అతను నాలుగు రోజులు హాయిగా నిద్రపోయాడు. ఐదో రోజు ఆ అమ్మాయే మళ్ళీ అడిగింది. "ఐపీస్ తిప్పితే మచ్చ తిరుగుతోందా?" తిప్పి చూసి, లేదని రాశాడు. "మీరు తల తిప్పితే?"

దానికింకా జవాబివ్వలేదు. మర్చిపోలేదు. రోజూ తెరిచి చదువుతూనే ఉన్నాడు.

మొన్న సెలవు రోజున ఐపీస్‌లన్నీ టిఫిన్ డబ్బాలో దూదిపరచి పెట్టుకుని పూర్ణా మార్కెట్ వెనక సందుకి వెళ్ళాడు. అక్కడ ఎల్లారావు అనే ముసలాయన ఓడల మీది బైనాక్యులర్లు బాగుచేస్తాడు. ఎల్లారావు ఒక్కొక్కటీ వెలుగుకెదురుగా పట్టి చూశాడు.

"మంచి సరుకే బాబూ. దీనికేటి రోగం?"

"మధ్యలో మచ్చ ఉందండి."

"ఏదీ? నాకగుపడ్డం నేదే."

"సరిగ్గా మధ్యలోకి చూడండి."

"మద్దెలోకే సూత్తన్నాను. మా అయ్య ఏటకెల్తే, పడవ మీంచి ఒడ్డున ఎవులింటి ముందు ఏ రంగు సీర ఆరేసున్నాదో సెప్పీవోడు. నాను ఆడి కొడుకుని. ఇందల మచ్చ నేదు, మట్టీ నేదు." ఒక పాత బైనాక్యులర్ తీసి అతని చేతిలో పెట్టాడు. "ఇది సూడు. రెండు కల్లతోనీ."

చూశాడు. సందు చివర మందులషాపు బోర్డు మీద ఫోన్ నంబర్ కూడా కనిపించింది.

"బాగున్నాదా?"

"బాగుంది."

"మరి నీ గొట్టంలో ఏ కంటితో సూత్తావ్?"

"అదీ... అలవాటేనండి."

"అలవాటు సంగతి కాదు బాబూ. ఏ కంటితోనీ అన్నాను."

ఉమాశంకర్ గబగబా టిఫిన్ డబ్బా మూత పెట్టేశాడు. ఊరికే లేచి వెళ్తే బాగుండదని, తన టెలిస్కోపుకి పట్టని ఇత్తడి మూత ఒకటి కొనుక్కుని బయటపడ్డాడు. బస్సులో కూర్చున్నాక ఆ మూతని చాలాసేపు చూశాడు. దీన్ని ఎందుకు కొన్నాను? అడిగినదానికి జవాబు చెప్పకపోవడానికి మనిషి ఇంత దూరం వెళ్తాడా? అసలు అడిగిందేమిటి? అది కూడా అప్పటికే సరిగ్గా గుర్తురానట్టుంది.

ఆ మర్నాడు షిఫ్టు దిగాక క్యాంటీన్‌లో అప్పలరాజు తగులుకున్నాడు. కింద నిలబడి చేత్తో సైగలిచ్చేది అతనే. వేళ్ళు కిందికి ఆడిస్తే దించమని, పిడికిలి బిగిస్తే ఆపమని. పదేళ్ళుగా ఉమాశంకర్ లాడిల్‌ని నడిపించేది ఆ చెయ్యే.

"ఏటి బావా, నాను పిడికిలి బిగించీసినా దించుతానే ఉన్నావ్? నా టోపీ మీదెట్టేద్దావనుకున్నావేటి?"

"బ్రేకు జారుతోంది బావా."

"నిన్ననే కదా కొత్తది ఏసినారు."

"కొత్తది సర్దుకోడానికి టైం పడుతుంది."

"అలగేటి! అయితే రేపట్నించి నీకు సైగలెందుకు, బ్రేకుకే ఓ కొబ్బరికాయ కొట్టీసి, దండవెట్టి నిల్సుంటాను."

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. ఉమాశంకర్ కూడా నవ్వాడు. అందరికన్నా ఒక క్షణం ఎక్కువ నవ్వాడేమో.

నిజానికి పైనుంచి అతనికి కనిపించింది వేరు. హుక్కు గురి చూసేటప్పుడు ఎడమ కన్ను మూయడం మొదటినుంచీ అతని అలవాటు. అప్పలరాజు టోపీ కనిపించింది, భుజం కనిపించింది, మోచెయ్యి కనిపించింది. మణికట్టు దగ్గర మంచులాంటిదేదో కమ్మింది. దాని లోపల వేళ్ళు విప్పి ఉన్నాయో మూసి ఉన్నాయో తెలియలేదు. ఆవిరి అనుకున్నాడు. షెడ్డులో ఆవిరి ఎప్పుడూ ఉండేదే. విప్పే ఉన్నాయని ఎందుకనుకున్నాడు మరి? ఆ సమయానికి ఎప్పుడూ విప్పే ఉంటాయి కనుక. అంటే చూశాడా, జ్ఞాపకం తెచ్చుకున్నాడా? ఏడాది కిందటి వైద్యపరీక్షలోనూ అంతే. ముందున్న పదిమంది చదవగా విని, అతని వంతు వచ్చేసరికి గోడ మీది చివరి వరస నోటికొచ్చేసింది. గడగడా చెప్పేశాడు. మోసం చేద్దామని కాదు. చదివింది కళ్ళో చెవులో అతనికే తెలియదు.

ఈ సాయంత్రం చంద్రిక టీ గ్లాసుతో డాబా మీదికొచ్చింది.

"ఇంకా కుదర్లేదా మీ గొట్టం?"

"లేదు."

"పోనీ నన్నోసారి చూడమంటారా?"

"నీకు చూడ్డం రాదులే" అన్నాడు వెంటనే.

"చూడ్డం రాకపోవడమేంటండీ? కళ్ళుంటే చాలదా?" గ్లాసు పిట్టగోడ మీద పెట్టి, "రాత్రికి దొండకాయ వేపుడు చేస్తన్నాను. అదైనా కనబడుద్దో లేదో" అంటూ దిగిపోయింది.

ఎందుకలా అన్నాడు? ఆమె వంగి చూస్తే ఏమవుతుంది? మచ్చ కనిపిస్తే ఉందంటుంది. కనిపించకపోతే...

మూడు నెలల్లో ఈ గొట్టంలోంచి ఇంకెవ్వరినీ చూడనివ్వలేదని అప్పుడు తోచింది. పరచిన తువ్వాలు మీద విప్పిన సామాను వరసగా ఉంది. ఐపీస్‌లు మూడు, లేజర్, మరలు, బుద్ధిలేని ఇత్తడి మూత. అన్నీ మార్చాడు. ఇంక మార్చనిదంటూ ఏమీ మిగల్లేదు అనుకోబోయి, ఆ మాట పూర్తి చేయలేకపోయాడు.

ఎడమ వైపుకి జరిగాడు. ముక్కు అడ్డొచ్చింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎవరింట్లోకో తొంగిచూస్తున్నట్టు సిగ్గేసింది. ఎడమ కన్ను ఆనించాడు.

చిమ్నీ ఆకాశంలోంచి తిన్నగా వేలాడుతోంది. దాని పక్కన సన్నటి ఇనుప నిచ్చెన ఉంది. మెట్టు మెట్టుకీ మధ్య ఖాళీ కూడా కనిపిస్తోంది. అక్కడ నిచ్చెన ఉందని అతనికిప్పటిదాకా తెలియదు.

ముందు కలిగింది సంతోషమే. అమ్మయ్య, టెలిస్కోపు మంచిదే! ఆ తర్వాత మళ్ళీ కుడి వైపుకి జరిగాడు. కుడి కన్ను పెట్టాడు, మచ్చ. ఎడమ కన్ను, నిచ్చెన. మళ్ళీ కుడి, మళ్ళీ ఎడమ. ఎప్పటినుంచి ఇలా? ఎన్ని లాడిళ్ళు అప్పలరాజు తల మీదుగా, చూపుతో కాక అలవాటుతో వెళ్ళాయి? ఈ సంగతి చెప్పి క్యాబిన్ దిగితే కింద ఏదో బల్ల చూపిస్తారు, రిజిస్టరు ఇస్తారు. ఆ కింద కూర్చునే మనిషెవరో ఉమాశంకర్‌కి తెలియదు.

పోనీ, రేపటినుంచి ఎడమ కంటితో గురి చూస్తే? ఎవరికి తెలుస్తుంది? ఎంత తేలిక! గుండె కుదుటపడింది కూడా. ఈ ఆలోచనలో హాయిగా ఇంకాసేపు చూద్దామని వంగాడు. అప్పుడు గమనించాడు. కుడి రెప్పని తన చూపుడు వేలే నొక్కి పట్టుకుని ఉంది. వేలు తీశాడు. కుడి కన్ను తెరుచుకుంది, ఎడమది దానంతటదే మూసుకుంది. మళ్ళీ ప్రయత్నించాడు. ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటు, వేలు సాయం లేకుండా కుడి కన్ను మూసుకోనంటోంది. క్యాబిన్‌లో రెండు చేతులూ లీవర్ల మీదే ఉంటాయి.

టీ చల్లారిపోయింది. ఫోన్ తీసి అప్పలరాజు నంబరు నొక్కాడు.

"సెప్పు బావా."

"రేపు నేను క్రేనెక్కడం లేదు. ఫోర్‌మన్‌కి కూడా చెప్తాను. ముందు నీకు చెప్దామని."

"ఏటైంది? జొరమేటి?"

"జొరం కాదు" అన్నాడు. "నా కుడి కన్ను సరిగ్గా కనబడ్డం లేదు బావా."